ఓపిక వేరు, నిదానం వేరు: బాధ్యతలో ఉన్న ఆడవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మండల సమాఖ్య అధ్యక్షురాలు, హైస్కూల్ హెడ్‌మిస్ట్రెస్, ఆసుపత్రి వార్డు ఇన్‌చార్జి, కొత్తగా గెలిచిన సర్పంచ్, మడికొండ ఐటీ పార్కులో టీమ్ లీడ్. పని వేరు, జీతం వేరు. నలుగురిలో నోరు విప్పాల్సి వచ్చినప్పటి గుండె దడ మాత్రం అందరిదీ ఒకటే. ఇరవై ఏళ్ళకు పైగా మహిళా సంఘాలతో ఊళ్ళు తిరిగాను. ఇప్పుడు హనుమకొండలో నెలకోసారి ఇలాంటి వాళ్ళతో కూర్చుంటున్నాను. టీ తాగుతున్నప్పుడు, బస్టాండుకు నడుస్తున్నప్పుడు, రాత్రి తొమ్మిదింటికి ఫోన్లో అడిగినవే ఇక్కడ రాశాను. మొదటిది అందరూ అడిగేదే, అందుకే జవాబు కాస్త పొడుగైంది.

స్థిమితంగా ఉండటమంటే కోపాన్ని దిగమింగడమేనా? అది మాకు చిన్నప్పటి నుంచి అలవాటే కదా?

కాదు. ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే సగం తిప్పలు మొదలవుతాయి.

మనకు చిన్నప్పుడు నేర్పింది ఓపిక. "ఊకో బిడ్డా, జర ఓపిక పట్టు" అన్నారంటే మాట్లాడొద్దని అర్థం. నేను చెప్పేది నిదానం. ఓపిక పట్టిన మనిషి విషయాన్ని అక్కడితో వదిలేస్తుంది. నిదానంగా ఉన్న మనిషి విషయాన్ని వదలదు. ఆ మాట ఎప్పుడు అనాలో, ఎవరి ముందు అనాలో తానే చూసుకుంటుంది.

దిగమింగడం వల్ల నష్టం కూడా ఉంది. జేమ్స్ గ్రాస్ అనే అమెరికా సైకాలజిస్టు 1990లలో కొందరికి మనసు కలతపెట్టే సినిమా ముక్కలు చూపించి, ముఖంలో ఏదీ కనిపించనివ్వొద్దని చెప్పాడు. వాళ్ళు ముఖాన్నైతే ఆపగలిగారు. ఒంట్లో అలజడి మాత్రం తగ్గలేదు, కొన్ని కొలతల్లో ఇంకా పెరిగింది. తర్వాత చేసిన ప్రయోగాల్లో ఇంకో సంగతి బయటపడింది. అలా బిగబట్టుకుని కూర్చున్నవాళ్ళకు ఆ సమయంలో విన్న వివరాలు సరిగా గుర్తులేవు. మనకు పనికొచ్చేది ఇదే. మీటింగులో పళ్ళు బిగించి కూర్చుంటే ఎదుటివాళ్ళు చెప్పిన లెక్కలే చెవికెక్కవు. బయటికొచ్చాక "ఎంతన్నడు, రెండు లక్షలా, మూడా?" అని పక్కామెను అడగాల్సి వస్తుంది.

గ్రాస్ చెప్పిన రెండో పద్ధతి, జరిగినదానికి మనం చెప్పుకునే అర్థాన్ని మార్చుకోవడం. ఉపసర్పంచ్ చెక్కు మీద సంతకం పెట్టలేదనుకోండి. "ఆడదాన్నని లెక్కచేస్తలేడు" అనుకుంటే ఒళ్ళు మండుతుంది. "ఈ బిల్లులో అతనికి ఏదో అనుమానం ఉంది, అదేంటో ముందు తెలుసుకోవాలి" అనుకుంటే నోట్లో నుంచి ప్రశ్న వస్తుంది. మొదటిదే నిజం కావచ్చు, నేను కాదనను. కానీ దాంతో తిట్టడం తప్ప ఇంకో పని చేయలేం.

గొంతు వణుకుతుంది, కళ్ళల్లో నీళ్ళొస్తాయి. సరిగ్గా ఆ నిమిషంలో ఏం చేయాలి?

ముందు ఊపిరి. పీల్చడం కాదు, వదలడం ముఖ్యం. నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఊపిరి నెమ్మదిగా బయటికి పోతున్నప్పుడు గుండె వేగం తగ్గుతుంది, వేగస్ నరం చేసే పని అది. మూడుసార్లు చాలు, పక్కవాళ్ళకు తెలియను కూడా తెలియదు.

తర్వాత చేతికి పని పెట్టండి. నేనైతే పెన్ను తీసి కాగితం మీద ఒక్క మాట రాస్తాను: "అవమానం", "భయం", "కోపం", ఏదైతే అది. చూడటానికి పిచ్చి పనిలా ఉంటుంది. కానీ మనసులో ఉన్నదానికి పేరు పెడితే మెదడులో భయం, కోపం లాంటివి రేగినప్పుడు పనిచేసే అమిగ్డలా అనే భాగం చురుకు తగ్గుతుందని 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం స్కానింగులో చూపించింది. పైగా చూసేవాళ్ళు మీరు నోట్స్ రాసుకుంటున్నారనుకుంటారు.

మూడోది, కంఠతా వచ్చిన ఒక వాక్యం. అప్పటికప్పుడు ఆలోచిస్తే రాదు, ముందే అలవాటు చేసుకోవాలి. "ఒక్క నిమిషం, మీరన్నది మళ్ళీ చెప్పండి, రాసుకుంటా." కేకలేసిన మనిషి అదే మాటను రెండోసారి అంత గట్టిగా అనలేడు. అది నేను ఎన్నిసార్లు చూశానో.

ఇంత చేసినా కన్నీళ్ళు ఆగకపోతే రానివ్వండి. "కళ్ళనీళ్ళు వచ్చినా నేను చెప్పేది ఇదే" అని చెప్పాల్సింది చెప్పండి. లేచి బాత్రూమ్‌కు పోతే మీరు తిరిగొచ్చేలోపు తీర్మానం అయిపోతుంది.

మగ ఆఫీసర్ కేకలేస్తే స్ట్రిక్ట్ అంటారు. నేను గొంతు పెంచితే "మేడమ్‌కు ఇంట్లో ఏదో గొడవైనట్టుంది" అంటారు. ఇది నా భ్రమా?

భ్రమ కాదు. విక్టోరియా బ్రెస్కాల్, ఎరిక్ ఉల్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు 2008లో అచ్చం దీన్నే చూపించారు. ఉద్యోగంలో కోపం చూపిన మగవాడికి జనం విలువ ఎక్కువ కట్టారు, అదే కోపం చూపిన ఆడమనిషికి తక్కువ కట్టారు. మగవాడికి కోపమొస్తే పరిస్థితి అట్లుంది అనుకుంటారు, ఆడమనిషికి వస్తే ఆమె గుణమే అంత అనుకుంటారు.

అదే పరిశోధనలో మనకు పనికొచ్చే ముక్క ఇంకొకటి ఉంది. కోపానికి బయటి కారణం స్పష్టంగా చెప్పినప్పుడు ఆ తేడా పోయింది. అంటే "నాకు చాలా కోపంగా ఉంది" అని ఆగిపోవద్దు. "మందుల స్టాకు రిజిస్టర్ పదిహేను రోజులుగా రాయలేదు, నిన్న రాత్రి పేషెంటుకు ఇంజక్షన్ దొరకలేదు, అందుకే నాకు కోపంగా ఉంది" అనండి. తేదీ, పని, నష్టం ఈ మూడూ కోపం కంటే ముందు రావాలి.

ఇది అన్యాయమే. మగవాళ్ళకు అక్కర్లేని సంజాయిషీ మనం ఎందుకు ఇచ్చుకోవాలని ఒక టీచరమ్మ నన్ను నిలదీసింది. ఇవ్వనక్కర్లేదని వాదించే రోజు కోసం నేనూ చూస్తున్నాను. ఈలోపు సోమవారం మీటింగు ఉంది కదా.

అందరూ ఒక్కసారే మీద పడితే? వడ్ల కొనుగోలు సెంటర్‌లో ప్రతి సీజన్‌కూ ఇదే లొల్లి.

దీనికి నేను కళ్ళారా చూసింది చెప్తాను.

పరకాల వైపు ఒక ఊళ్ళో ఐకేపీ సెంటర్, అంటే మహిళా సంఘం నడిపే వడ్ల కొనుగోలు కేంద్రం. మే నెల, మధ్యాహ్నం మూడు దాటింది. పడమట మబ్బు కమ్ముకొస్తోంది. రెండు రోజులుగా లారీ రాలేదు, కాంటా అయిన బస్తాలు అట్లనే ఉన్నాయి. కాంటా కాని కుప్పలు ఇంకా ఎక్కువ. సెంటర్ నడిపే ఆమె వయసు ముప్పై ఐదు ఉంటుంది. చుట్టూ పాతికమంది రైతులు. ఒకాయన రుమాలు దులుపుతూ ముందుకొచ్చాడు.

"ఏమమ్మా, నీ వడ్లే అయితే గిట్లనే తడవనిస్తుంటివా?"

ఆమె వెంటనే ఏమీ అనలేదు. కుర్చీలో నుంచి లేచి, కొంగు నడుముకు దోపుకుని, వడ్లలో తేమ కొలిచే మాయిశ్చర్ మిషన్ చేతిలోకి తీసుకుంది. దానికి పట్టింది అయిదారు సెకన్లే, అప్పుడు మాత్రం అందరూ ఆమె చేతులే చూశారు.

"తడవనియ్యనన్నా. పా, ముందుగాల నీ కుప్ప కాడికే పోదాం. మిషన్ నువ్వే పట్టు, నంబర్ నువ్వే సదువు."

ఆయన చదివాడు. తేమ 19 వచ్చింది, ఉండాల్సింది 17 శాతం లోపు. ఆ అంకె ఆయన నోటి నుంచే వచ్చింది. ఈలోపు ఆమె ఇద్దరు పిల్లగాళ్ళను పరదాల కోసం పంపింది, హమాలీల మేస్త్రీని పిలిచి కాంటా అయిన బస్తాల మీద ముందు కప్పమంది, అప్పుడు ఫోన్ తీసింది. లారీ గురించి అడిగేటప్పుడు స్పీకర్ పెట్టింది. అవతలి ఆఫీసర్ ఏం చెప్తున్నాడో రైతులకే వినిపించింది.

ఇది అంతా ఆమె ధైర్యమే అనుకున్నాను. సాయంత్రం చూస్తే గోడకు ఒక బోర్డు ఉంది. రోజూ చీకటి పడేముందు దాని మీద సీరియల్ నంబర్, ఎవరివి ఎన్ని బస్తాలు తూకమైనయ్, ఎన్ని లారీ ఎక్కినయ్, మిల్లు దగ్గర ఎంత తరుగు తీశారు అన్నీ సుద్దముక్కతో రాస్తుంది. సీజన్ మొదట్లో రైతులను కూర్చోబెట్టి ఆ బోర్డు ఎలా చదవాలో చెప్పింది. కాబట్టి ఆ రోజు గొడవ వాన గురించే జరిగింది, ఆమె నిజాయితీ మీదికి పోలేదు. మిషన్ తెచ్చి ఆయన చేతికివ్వగలిగిందంటే దాచడానికి ఆమె దగ్గర ఏమీ లేకపోవడం వల్లే.

వాన పడింది. కొన్ని కుప్పలు తడిశాయి. రుమాలు పెద్దమనిషి ఆ తర్వాత ఆమెతో చాలా రోజులు మాట్లాడలేదు. నిదానంగా ఉంటే అన్నీ సర్దుకుంటాయని నేను చెప్పడం లేదు.

మీరు ఎప్పుడైనా అదుపు తప్పారా?

తప్పాను, అదీ నా ఒక్కదాని నష్టంతో పోలేదు.

మా గ్రామ సంఘంలో ఏడు గ్రూపులకు లింకేజీ లోను, అంటే పొదుపు సంఘాలకు బ్యాంకు ఇచ్చే అప్పు రావాలి. ఒక బ్యాంకు బ్రాంచికి నాలుగోసారి పోయాము. గంటన్నర నిలబెట్టాక మేనేజర్ తల ఎత్తకుండా "మీ సంఘాల లెక్కలు మాకు తెలుసులే" అన్నాడు. నేను ఫైలు బల్ల మీద విసిరాను, అనకూడనివి కూడా అన్నాను. నా వెనక నిలబడ్డ అక్కలు చప్పట్లు ఒక్కటే తక్కువ. ఆటోలో వస్తూ అందరం నవ్వుకున్నాం.

లోను రెండు నెలలు ఆలస్యమైంది. విత్తనాలకు, ఎరువులకు వాళ్ళు బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.

తర్వాతిసారి పోయేటప్పుడు వేరేగా పోయాను. ప్రతి గ్రూపు మీటింగు పుస్తకం, పొదుపు, అప్పుల రిజిస్టర్లు, పాత లోను కిస్తీలు కట్టిన తేదీలు అన్నీ ఒక పేజీలో రాసుకున్నాను. పక్క ఊళ్ళ నుంచి ముగ్గురు అధ్యక్షురాళ్ళను తోడు తీసుకుపోయాను. ఒకటే అడిగాను: "సార్, ఈ ఏడింట్లో ఏ గ్రూపు కిస్తీ తప్పిందో చూపించండి, దాన్ని పక్కన పెడతాం." ఆయన పేజీ తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. ఆ రోజు నాకు ఊపిరి లెక్కపెట్టే అవసరమే రాలేదు. అప్పటి నుంచి నా లెక్క ఇదే: స్థిమితంలో ముప్పావు వంతు ముందురోజు రాత్రే తయారవుతుంది.

అయితే ముందురోజు ఏం చేయాలి?

మూడు పేర్లు రాయండి: నా మాటకు ఎవరు అడ్డం చెప్తారు, ఎవరు ఊ కొడతారు, ఎవరు ఎటూ తేల్చుకోలేదు. మీటింగుకు ముందే మాట్లాడాల్సింది మూడోవాళ్ళతో. చాలామంది పోయి మొదటివాళ్ళతో పెట్టుకుంటారు.

అడ్డం చెప్పేవాళ్ళ అభ్యంతరాన్ని వాళ్ళకంటే బాగా మీరే రాసి చూడండి. రాయలేకపోతే మీకింకా విషయం తెలియదన్నమాట.

గ్యారీ క్లైన్ అనే ఆయన 2007లో రాసిన ఒక పద్ధతి నాకు నచ్చుతుంది. ప్రీమార్టమ్ అని పేరు పెట్టాడు, పోస్ట్‌మార్టమ్‌కు ఎదురు మాట. పని మొదలుపెట్టకముందే "ఏడాది గడిచింది, ఈ పని పూర్తిగా చెడిపోయింది" అనుకుని, ఎందుకు చెడిపోయిందో అందరితో చెప్పించడం. చెడు పలకొద్దని నోరు మూసుకునేవాళ్ళు కూడా అప్పుడు మాట్లాడతారు. మన అవ్వలు పెళ్ళి పనులప్పుడు చేసేది ఇదే. కరెంటు పోతే ఎట్ల, వంటాయన రాకపోతే ఎట్ల, వియ్యపురాలు అలిగితే ఎట్ల అని రాత్రంతా కూర్చుని లెక్కలేసేవాళ్ళు. దాన్ని మనం చాదస్తం అన్నాం.

వ్యూహం అంటే రాజకీయం కదా? నాకు అట్ల చేయడం ఇష్టం ఉండదు.

నలుగురి ముందు చెప్పగలిగేదైతే వ్యూహం, చెప్పలేకపోతే కుట్ర. ఆ వడ్ల సెంటర్ బోర్డు లాంటిదాని మీద రాయగలిగినంత వరకు భయపడాల్సిన పని లేదు.

మార్చి 8 వచ్చిందంటే వరంగల్లో ప్రతి స్టేజీ మీదా రుద్రమదేవి గుర్రం, కత్తి తప్ప ఇంకో మాట వినపడదు. నాకు ఆ కత్తి కంటే మిగతావే ఎక్కువ ఆసక్తి. కొడుకులు లేని గణపతిదేవుడు కూతురిని వారసురాలిగా నిలిపాడు. శాసనాల్లో ఆమె పేరు రుద్రదేవ మహారాజు. ఆడమనిషి ఏలుబడికి ఒప్పుకోని సామంతులు ఇంట్లోనే ఉన్నారు, బయట దేవగిరి యాదవులు ఉన్నారు. ఆమె పెద్ద కుటుంబాల మీదే ఆధారపడి కూర్చోలేదు. అంత పేరులేని వంశాల నుంచి వచ్చినవాళ్ళకు కూడా నాయకులుగా పదవులిచ్చింది. రేచెర్ల ప్రసాదిత్యుడి వంటి నమ్మకస్తులను పక్కన ఉంచుకుంది. తండ్రి మొదలుపెట్టిన రాతికోటను బలపరిచింది. మనుమడు ప్రతాపరుద్రుణ్ణి తర్వాతి రాజుగా ముందే తయారు చేసింది. 1262 నుంచి 1289 దాకా, అంటే దాదాపు ఇరవై ఏడేళ్ళు. చందుపట్ల శాసనం ఆమె మరణం గురించి చెప్పే నాటికి ఆమె చిన్న వయసు మనిషి కాదు. ఖిలా వరంగల్ వెళ్తే తోరణాల దగ్గర ఫోటో దిగి వచ్చేయకండి. మట్టికోట, కందకం, రాతికోట ఒకదాని వెనక ఒకటి ఎట్లా ఉన్నాయో నడిచి చూడండి. ఒక గోడ పడితే ఇంకోటి ఉండాలన్న ఆలోచన అక్కడ కాళ్ళకే తెలుస్తుంది.

అంత రాజ్యం మాది కాదంటారా, పాలకుర్తి చాకలి ఐలమ్మను తీసుకోండి. విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచిన మనిషి. కౌలు పొలంలో పండిన పంట కోసం ఆమె ఒంటరిగా కొట్లాటకు పోలేదు. ముందు ఆంధ్ర మహాసభ సంఘంలో చేరింది, సంఘం మనుషులను వెంటబెట్టుకుని పంట ఇంటికి చేర్చుకుంది. ధైర్యం సంగతి అందరూ చెప్తారు, ముందు సంఘంలో చేరిన సంగతి చెప్పేవాళ్ళు తక్కువ.

సర్పంచ్ నేనే, కానీ ఊళ్ళో "సర్పంచ్ సాబ్" అని మా ఆయన్ని పిలుస్తారు. ఇంట్లో గొడవ లేకుండా దీన్నెట్లా మార్చాలి?

పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్ళకే. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్కు మీద సంతకం సర్పంచ్‌కు, ఉపసర్పంచ్‌కు కలిపి ఇచ్చింది. మీ ఆయనకు ఆ కాగితంలో చోటే లేదు. ఇది మీకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఇంట్లో చట్టం మాట్లాడితే అన్నం సయించదు, అది కూడా ఇద్దరికీ తెలుసు.

కాబట్టి ఒక్కో పనిని మీ చేతికి తెచ్చుకోండి. ముందు ఫోన్. పంచాయతీ కార్యదర్శి దగ్గర, ఎంపీడీవో ఆఫీసులో ఆయన నంబర్ ఉంటే మీ నంబర్ ఇవ్వండి. నా అనుభవంలో దీనికంటే పెద్ద మార్పు లేదు. తర్వాత కుర్చీ. గ్రామసభలో మీ పక్క కుర్చీలో కార్యదర్శి కూర్చోవాలి. తర్వాత పని పంపకం: మంచినీళ్ళు, అంగన్‌వాడీ, స్కూలు ఇవి పూర్తిగా మీరే చూడండి, ఆయన్ను పంచాయతీ ట్రాక్టర్ రిపేరు, డ్రైవర్ సంగతి చూడమనండి. పని ఇవ్వకుండా పక్కకు పొమ్మంటే ఎవరూ పోరు.

మొదట్లో మిమ్మల్ని మెచ్చుకోరు, దానికి సిద్ధంగా ఉండండి. పశ్చిమ బెంగాల్ పంచాయతీల మీద 2009లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, మొదటిసారి ఆడమనిషి ప్రధాన్ (అక్కడి సర్పంచ్) అయిన ఊళ్ళల్లో జనం ఆమెకు మగవాళ్ళ కంటే తక్కువ మార్కులేశారు. రెండోసారి కూడా ఆడమనిషే వచ్చిన ఊళ్ళల్లో ఆ తేడా పోయింది. ఎస్తర్ డఫ్లో, రాఘబేంద్ర చటోపాధ్యాయ అనే పరిశోధకులు 2004లోనే ఇంకో సంగతి చూపించారు. బెంగాల్, రాజస్థాన్‌లో ఆడవాళ్ళు ప్రధాన్లయిన చోట తాగునీటి మీద ఖర్చు పెరిగింది. అంటే పని జరుగుతుంది, పేరు ఆలస్యంగా వస్తుంది. ఆ పేరు మీ తర్వాత వచ్చే ఆమెకు రావచ్చు కూడా.

నా కింద పనిచేసేవాళ్ళు నాకంటే పెద్దవాళ్ళు. ఎలా పిలవాలి, ఎలా చెప్పాలి?

వరస మానొద్దు. "అన్నా", "సార్", "వదినా" అని పిలుస్తూనే పని గట్టిగా చెప్పొచ్చు. "అన్నా, హాజరు రిజిస్టర్ తొమ్మిదిన్నరకు నా టేబుల్ మీద ఉండాలె" అన్న వాక్యంలో మర్యాదా ఉంది, గడువూ ఉంది. గడువు లేని మర్యాదే మనల్ని ముంచేది. తప్పు మాత్రం ఒంటరిగా పిలిచి చెప్పండి. పెద్దవాళ్ళను నలుగురిలో అంటే వాళ్ళు విషయం మర్చిపోతారు, మీరు అన్న మాట మర్చిపోరు.

వాట్సాప్ గ్రూపులో నన్ను తిడుతూ పెద్ద మెసేజ్ పెట్టారు.

రాత్రి జవాబు ఇవ్వొద్దు. రాసి మీకే పంపుకోండి. పొద్దున చాయ్ తాగాక చదివితే సగం కొట్టేస్తారు. మిగిలిన సగం గ్రూపులో పెట్టకుండా ఫోన్ చేసి చెప్పండి. స్క్రీన్‌షాట్ మాత్రం దాచుకోండి.

చుట్టాలకు, తెలిసినవాళ్ళకు లోను ఇప్పించమని ఒత్తిడి. కాదంటే పగ.

"నేను ఇవ్వను" అనకండి, "సంఘం తీర్మానం లేకుండా ఇయ్యరాదు" అనండి. మహిళా సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధి అయినా, బ్యాంకు లింకేజీ అయినా నిర్ణయం గ్రూపు మీటింగులో జరగాలి, పుస్తకంలో రాయాలి. నియమం ఉన్నది మీరు దాని వెనక నిలబడటానికే. మీ తోటికోడలు అలుగుతుంది, పండుగకు మాట్లాడుతుంది.

ఆలోచించడానికి టైమ్ ఎక్కడుంది? పొద్దున లేస్తే వంట, పిల్లలు, డ్యూటీ.

ఇది నిజమైన ప్రశ్న. పొద్దున నాలుగింటికి లేచి ధ్యానం చేయమని చెప్పేవాళ్ళ ఇంట్లో గిన్నెలు ఎవరు తోముతారో నాకు తెలుసుకోవాలని ఉంటుంది.

దొరికే చోటే పట్టుకోవాలి. నర్సంపేట నుంచి రోజూ వచ్చే ఒక హెడ్‌మిస్ట్రెస్ బస్సులో ఆలోచిస్తుంది. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీలో ఆడవాళ్ళకు టికెట్ లేకపోవడంతో ఖర్చు తగ్గింది గానీ సీటు దొరకడం లేదని నవ్వుతుంది. నిలబడి రాయలేదు కాబట్టి ఒకే ప్రశ్న మనసులో పెట్టుకుని ఎక్కుతుంది: "ఈ వారం నేను చేయకపోయినా నడిచే పని ఏది?" దిగేసరికి ఒక పని వేరేవాళ్ళకు అప్పజెప్తుంది. వారానికి ఒకటి అంటే స్కూలు సంవత్సరంలో ఎన్ని పనులవుతాయో లెక్కేసుకోండి. ఇప్పుడు మధ్యాహ్న భోజనం రిజిస్టర్, ప్రార్థన, టాయిలెట్ల శుభ్రం ఏదీ ఆమె దగ్గరికి రావు. పదో తరగతి లెక్కల్లో వెనకబడ్డ పిల్లలు మాత్రం వస్తారు.

పై ఆఫీసర్ మాటలు, చేతలు హద్దు దాటుతున్నాయి. ఇక్కడ కూడా నిదానమేనా?

కాదు. అది మీరు సర్దుకుపోవాల్సిన విషయం కాదు, ఫిర్యాదు చేయాల్సిన విషయం. పని చేసేచోట లైంగిక వేధింపులపై 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే చిన్నచోట్లకు, యజమాని మీదే ఫిర్యాదు ఉన్నప్పుడు జిల్లా స్థాయి స్థానిక కమిటీ ఉంటుంది. ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏం అన్నాడు, ఎవరున్నారు అన్నది ఆ రోజే రాసి పెట్టుకోండి. 181 మహిళా హెల్ప్‌లైన్. ఈ ఒక్కచోట మాత్రం ఆలస్యం మీకు పనికిరాదు.

నిద్ర పట్టడం లేదు, చిన్నదానికే చిరాకు. ఇది టెన్షనేనా?

కావచ్చు, కాకపోవచ్చు. థైరాయిడ్, రక్తహీనత, నలభై దాటాక నెలసరి ఆగిపోయే ముందు వచ్చే మార్పులు ఇవన్నీ అచ్చం ఇట్లాగే ఉంటాయి. ముందు రక్తపరీక్ష చేయించుకోండి. రెండు వారాలకు పైగా దిగులుగా ఉంటే, దేనిమీదా మనసు పోకపోతే డాక్టర్ను కలవండి. టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. పదవిలో ఉన్నవాళ్ళు దీన్ని దాచుకుంటారు, నాకు తెలిసి ఎవరికీ దానివల్ల మేలు జరగలేదు.

మీ దగ్గరికి వస్తానంటే మా ఆయన కూడా తోడు వస్తానంటున్నాడు. పర్వాలేదా?

రానివ్వండి. గదిలోకి మాత్రం మీరొక్కరే. బయట వేపచెట్టు కింద బెంచీ ఉంది, ఎదురుగా టీ కొట్టు ఉంది. పోయిన నెల అలా ముగ్గురు భర్తలు వచ్చారు. మొదటి గంట కిటికీ వైపే చూశారు. తర్వాత పత్తి రేటు మీద మాటల్లో పడ్డారు. నాలుగింటికి మా అందరికీ మిర్చి బజ్జీలు పంపించారు, డబ్బులు ఎవరిచ్చారో ఇప్పటికీ తేలలేదు.